మార్కులు వేసేవాళ్ళు చూడని ముప్పావుగంట

ఎంబీబీఎస్ ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేసు అని ఒకటుంటుంది. విద్యార్థికి ఒక రోగిని అప్పజెప్పి ముప్పావుగంటో గంటో టైం ఇస్తారు. ఆలోపు రోగితో మాట్లాడి జబ్బు ఎప్పుడు మొదలైందో, ఎలా ముదిరిందో కనుక్కోవాలి. తల నుంచి కాళ్ళ దాకా పరీక్ష చేయాలి. కేస్ షీట్ రాసుకోవాలి. తర్వాత ఎగ్జామినర్లు వచ్చి, విద్యార్థి చెప్పింది విని, ప్రశ్నలడిగి మార్కులు వేస్తారు.

ఆ మంచం మీద ఉండే రోగిని నేను. చాలా ఏళ్ళుగా.

నాకు మిట్రల్ స్టెనోసిస్ ఉంది. గుండెలో ఎడమ కర్ణికకీ ఎడమ జఠరికకీ మధ్య ఉండే కవాటం సన్నబడిపోయింది. పల్నాడులో మా ఊళ్ళో చిన్నప్పుడు గొంతు నొప్పితో మొదలై జ్వరం వచ్చింది. తర్వాత ఒక మోకాలు వాపు తీస్తే ఇంకో మోకాలు వాచేది. కీళ్ళవాతం అన్నారు, తగ్గిపోయింది అన్నారు. అది రుమాటిక్ జ్వరమనీ, కీళ్ళని వదిలేసినా గుండెని వదలదనీ తెలిసేసరికి నేను బీఎడ్‌లో ఉన్నాను. మేడ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఆ తర్వాత మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు, హైదరాబాదులో బెలూన్‌తో వాల్వు వెడల్పు చేయించుకోవడం, ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, అవి ఎంత పనిచేస్తున్నాయో చూసే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలు. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. ఏటా పదో తరగతి పిల్లలకి బోర్డు మీద గుండె బొమ్మ వేసి, ఏ కవాటం ఎటు తెరుచుకుంటుందో చెప్పేవాణ్ణి.

బెలూన్ పెట్టాక కూడా నా గుండెలో మర్మర్, అంటే గుండె చప్పుళ్ళ మధ్య వినిపించే అదనపు శబ్దం, పూర్తిగా పోలేదు. ఎడమ పక్కకి తిరిగి, ఊపిరి బయటికి వదిలి బిగబడితే బాగా వినిపిస్తుందట. రుమాటిక్ గుండె జబ్బులు పట్నాల్లో మునుపటంత కనబడటం లేదు కాబట్టి మెడిసిన్ వాళ్ళకి నేను "మంచి కేసు"ని. ఓపీలో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఒక ప్రొఫెసర్ గారు అడిగారు, పిల్లల పరీక్షకి వస్తారా మాస్టారూ అని. జీవితమంతా పిల్లలకి పరీక్షలు పెట్టినవాణ్ణి, కాదనలేకపోయాను. అలా మొదలైంది.

ఏ కాలేజీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఈ పద్ధతి దేశమంతా ఇంచుమించు ఒకటే.

పరీక్ష రోజు పొద్దున్నే వార్డుకి వెళ్ళాలి. టిఫిన్ పెడతారు, మధ్యాహ్నం భోజనం, వెళ్ళేటప్పుడు చేతిలో కొంత డబ్బు. పక్క మంచం మీద మాచర్ల నుంచి వచ్చిన లివర్ జబ్బు మనిషి ఉంటాడు. ఆ పక్కన చిలకలూరిపేట నుంచి పక్షవాతం వచ్చిన పెద్దావిడ, మిర్చి యార్డులో బస్తాలు మోసి, బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైపోయిన ఒక హమాలీ. మాలో మాకు స్నేహాలు కుదిరాయి. స్ప్లీను, అసైటిస్, రాంకై లాంటి మాటలు అందరికీ నోటికొచ్చు. మా జబ్బుల పేర్లు మాకు బాగా తెలుసు, వచ్చే పిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

ఒకసారి పరీక్షల్లో ఇద్దరు విద్యార్థులు నా మంచం దగ్గరికి వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. ఈ పోస్టు రాయడానికి కారణం వాళ్ళిద్దరే.

మొదట వచ్చిన అబ్బాయి స్టూలు లాక్కుని, వాచీ చూసుకుని, "అంకుల్, మీకేం ప్రాబ్లం అని చెప్పారు డాక్టర్లు?" అన్నాడు. అదే మొదటి మాట. "అది నువ్వు చూసి చెప్పాలి బాబూ" అన్నాను. "వాల్వేనా? ఏ వాల్వు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. లేచి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చాడు. వచ్చాక చొక్కా పైకి లాగి స్టెతస్కోపు పెట్టాడు. ఎడమ పక్కకి తిరగమని నోటితో చెప్పలేదు, భుజం పట్టి తిప్పాడు. రెండు నిమిషాలు విన్నాడు. ఆ తర్వాత మిగతా టైమంతా కూర్చుని రాసుకుంటూనే ఉన్నాడు. ఏం రాశాడో ఎగ్జామినర్లు వచ్చాక వినిపించింది. రోగికి ఐదేళ్ళుగా ఆయాసం, రెండేళ్ళుగా గుండె దడ, రాత్రిపూట ఆయాసంతో మెలకువ రావడం ఉంది, రక్తం కక్కడం లేదు, కాళ్ళ వాపు లేదు. వీటిలో ఒక్కటి కూడా అతను నన్ను అడగలేదు. ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. మొదటి శబ్దం గట్టిగా ఉందన్నాడు, ఓపెనింగ్ స్నాప్ అన్నాడు, మిడ్ డయాస్టోలిక్ మర్మర్ అన్నాడు. అవన్నీ నిజమే. వైద్యం ఏమిటని అడిగితే అది కూడా సరిగ్గా చెప్పాడు. ఎగ్జామినర్ సంతోషించారు.

రెండో అమ్మాయి వచ్చి నమస్కారం పెట్టి తన పేరు చెప్పింది. ఇవాళ నా పరీక్ష మీతోనండీ, మధ్యలో అలసటగా ఉంటే చెప్పండి, ఆగుతాను అంది. తెర లాగింది. స్టెతస్కోపు బిళ్ళని అరచేతిలో పెట్టుకుని కాసేపు రుద్దింది, చల్లగా తగలకుండా. నేను చెప్పేది మధ్యలో ఆపకుండా విన్నది. నేను బయాలజీ మాస్టారునని తెలిశాక మాస్టారూ అనడం మొదలుపెట్టింది. అప్పుడు ఒక ప్రశ్న వేసింది.

"చిన్నప్పుడు మీ ఇంట్లో ఎంతమంది ఉండేవారు మాస్టారూ? అందరూ ఒకే గదిలో పడుకునేవారా?"

నా గుండె మీద స్టెతస్కోపు పెట్టిన డాక్టర్లు, పీజీలు, హౌస్ సర్జన్లు, విద్యార్థులు ఎంతమందో నాకు లెక్క తెలియదు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. చెప్పాను. పెంకుటిల్లు, అమ్మా నాన్నా నాయనమ్మా, మేం ఐదుగురం పిల్లలం. చలికాలం వస్తే అందరం నడిమింట్లో చాపల మీద వరసగా పడుకునేవాళ్ళం. "మీలో ఇంకెవరికైనా ఇలాంటి జ్వరాలు వచ్చాయా?" అంది. మా చెల్లెలికి వచ్చాయని చెప్పాను. ఆమె తొలి కాన్పులో పోయింది. పడుకోలేక, మంచం మీద కూర్చునే ఉండేది, ఊపిరాడేది కాదు. కాన్పు కష్టమై పోయిందనే ఇంట్లో అందరం అనుకున్నాం, ఇప్పటికీ అలాగే చెప్పుకుంటాం.

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది. "ఆమెకీ ఈ వాల్వు జబ్బే ఉండి ఉండొచ్చు మాస్టారూ. కడుపుతో ఉన్నప్పుడు గుండె మీద భారం పెరుగుతుంది, వాల్వు సన్నగా ఉంటే తట్టుకోలేదు. రుమాటిక్ జ్వరానికి మూలం గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా, అది ఇరుకు గదుల్లో ఒకరి నుంచి ఇంకొకరికి తేలిగ్గా అంటుకుంటుంది" అంది.

స్ట్రెప్టోకాకస్ అంటే ఏమిటో నాకు తెలుసు. పిల్లలకి పాఠం చెప్పాను. గర్భిణి గుండె ఎంత ఎక్కువ రక్తం పంపాలో కూడా తెలుసు. మా నడిమిల్లు, మా చెల్లెలు, నా వాల్వు, ఈ మూడూ ఒకే కథ అని మాత్రం ఆ రోజు దాకా నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి మా అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఆ అమ్మాయికి టైం చాలలేదు. వీపు వైపు ఊపిరితిత్తులు పూర్తిగా పరీక్ష చేయకముందే ఎగ్జామినర్లు వచ్చేశారు. ఆమె మా ఇంటి సంగతితో మొదలుపెట్టబోయింది. "సోషల్ హిస్టరీ అంతా వద్దమ్మా, ఫైండింగ్స్ చెప్పు" అన్నారు. తడబడింది. మర్మర్ సరిగ్గానే చెప్పింది కానీ అబ్బాయి అంత ధారాళంగా చెప్పలేకపోయింది. ఎవరికెన్ని మార్కులు పడ్డాయో నాకు తెలియదు. ఎగ్జామినర్ల ముఖాలు మాత్రం చూశాను.

ఎగ్జామినర్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు వచ్చేసరికి ఆ ముప్పావుగంట అయిపోయింది. ఎవరు అడిగి రాశారు, ఎవరు అడక్కుండా రాశారు, ఎవరు చెప్పి చెయ్యి వేశారు, ఎవరు చెప్పకుండా వేశారు, ఇవేవీ వాళ్ళకి కనబడవు. వాళ్ళకి వినబడేది విద్యార్థి చెప్పే కథ ఒక్కటే. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, నన్ను అడగమని ఏ రూలూ లేదు.

ఇది నా ఒక్కడి బాధ కాదని తర్వాత తెలిసింది. లాంగ్ కేసులో రోగి దగ్గర జరిగేది ఎవరూ చూడటం లేదన్న విమర్శ పాశ్చాత్య దేశాల్లో ఎప్పటినుంచో ఉంది. స్కాట్లాండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్ అనే ప్రొఫెసర్, ఆయన సహచరులు కలిసి 1975లో ఆస్కీ అనే పరీక్షా పద్ధతి తెచ్చారు. వరసగా బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో చిన్న పని, పక్కనే చెక్‌లిస్టు పట్టుకుని చూస్తూ ఎగ్జామినర్. అంతకంటే ముందే, 1960లలో, అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మామూలు మనుషులకి రోగిలా నటించడం నేర్పించి విద్యార్థుల్ని వాళ్ళ దగ్గరికి పంపాడు. ఇవాళ మన గుంటూరు, విజయవాడ పిల్లలు ఇంగ్లండులో పనిచేయాలంటే మాంచెస్టర్ వెళ్ళి రాసే ప్లాబ్ రెండో భాగంలో రోగులుగా నటులే ఉంటారు. అక్కడ రోగితో ఎలా మాట్లాడావన్నదానికి విడిగా మార్కులున్నాయి. మా వీధిలో ఒక అబ్బాయి ఆ పరీక్షకి తయారవుతూ వాళ్ళ అమ్మని కూర్చోబెట్టి రోజూ సాయంత్రం ప్రాక్టీసు చేశాడు. "అమ్మా, ఇప్పుడు నీకు క్యాన్సర్ అని చెప్తాను, ఏడువు" అనేవాడు. ఆవిడ నిజంగానే ఏడ్చేదట. మనవాళ్ళకి ఈ విద్య రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మార్కులుంటే మనవాళ్ళు దేన్నయినా నేర్చుకుంటారు.

మరి మన దేశంలో ఏం మారలేదా అంటే, కాగితం మీద చాలా మారింది. నా మేనకోడలు 2019లో ఎంబీబీఎస్‌లో చేరింది. 1997 నాటి నిబంధనల్ని మార్చి మెడికల్ కౌన్సిల్ కొత్త కరిక్యులం పెట్టింది ఆ ఏడే. మొదట నెల రోజులు ఫౌండేషన్ కోర్సు, అందులో స్థానిక భాష కూడా. మొదటి ఏడాదిలోనే వార్డులు చూపించడం. ఏట్‌కామ్ అని నడవడిక, నీతి, మాట్లాడే తీరు నేర్పే పాఠాలు ప్రతి ఏడాదీ. శవం మన మొదటి గురువు అనే పాఠం కూడా అందులో ఉంది. ఆ మాట మేనకోడలు చెప్పినప్పుడు నాకు చాలా నచ్చింది. స్కిల్స్ ల్యాబు, లాగ్‌బుక్, రోగి దగ్గర చేసి చూపించి సర్టిఫై చేయించుకోవాల్సిన పనులు. 2020లో మెడికల్ కౌన్సిల్ పోయి నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చాక, ఒక్కో విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాల్ని దత్తత తీసుకుని చదువు సాగినంతకాలం వాళ్ళ ఆరోగ్యం చూడాలనే కార్యక్రమం కూడా చేరింది. నన్ను ఎవరైనా కమిటీలో కూర్చోబెట్టి రాయమన్నా ఇంతకంటే మంచివి రాయలేను.

అయితే ఆ పిల్ల లాగ్‌బుక్ చూశాను. తేదీ, చేసిన పని, రేటింగ్, టీచర్ సంతకం అని గళ్ళున్నాయి. అంచనాకి తక్కువైతే బి, సరిపోతే ఎం, మించితే ఇ. ఒక పేజీ నిండా ఎం, ఎం, ఎం. పై నుంచి కింద దాకా ఒకటే పెన్ను, సంతకం ఒకే వాలు. తేదీలు మాత్రం వేరువేరు. "ఏంటమ్మా ఇది?" అంటే, "పోస్టింగ్ అయిపోయే రోజు అందరివీ కుప్ప పెట్టి చేయించుకుంటాం మావయ్యా. సార్‌కి ఓపీ ఉంటుంది, రౌండ్స్ ఉంటాయి, మా బ్యాచ్‌లో అంతమందిమి, ఎవర్ని చూస్తారు?" అంది. సార్‌ని తిట్టలేదు. నిజంగానే ఆ సార్‌కి టైం లేదు. సీట్లు పెంచుకుంటూ పోయాం, మంచం చుట్టూ నిలబడే పిల్లల సంఖ్య పెరిగింది, నేర్పేవాళ్ళ చేతులు మాత్రం పెరగలేదు.

దీనికి తోడు పిల్లలు అక్కడికి వచ్చే దారి కూడా చూడాలి. మన గుంటూరు, విజయవాడల్లో బైపీసీ పిల్లలు ఎలా చదువుతారో చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున లేచి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు, ర్యాంకు షీట్లు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, ప్రతిదానికీ నాలుగు జవాబుల్లో ఒకటి. పదహారు పదిహేడేళ్ళ వయసులో, మనిషి మనిషితో మాట్లాడటం నేర్చుకునే వయసులో, రెండు మూడేళ్ళు ఒక గదిలో పెట్టి నోరు మూయించి, తర్వాత ఒక్కసారిగా ముక్కూముఖం తెలియని పెద్దావిడ దగ్గర నిలబెట్టి, "అమ్మా, తెల్లబట్ట అవుతోందా?" అని అడగమంటున్నాం. అటు చివర మళ్ళీ పీజీ నీట్ ఉంది, అక్కడా నాలుగు జవాబులే. మధ్యలో ఉన్న వార్డు పిల్లలకి చదువుకి అడ్డంగా కనిపిస్తోంది. మా మేనకోడలి స్నేహితులు కొందరు థర్డ్ ఇయర్ నుంచే యాప్‌లలో పీజీ వీడియోలు చూస్తూ అటెండెన్స్‌కి మాత్రం వార్డుకి వచ్చేవారట. హౌస్ సర్జన్సీలో అయితే శాంపిల్స్ మోయడం, రిపోర్టులు తేవడం, ఆక్సిజన్ సిలిండర్ కోసం పరిగెత్తడం, ఇంతే. పిల్లల్ని సోమరులంటే నేను ఊరుకోను. ఏది లెక్కలోకి వస్తుందో అది చదువుతున్నారు. మా హైస్కూల్లో కూడా అంతే, పబ్లిక్ పరీక్షలో రాని పాఠం ఎంత అందంగా చెప్పినా ఆ పేజీలు కొత్తగానే ఉండిపోయేవి.

స్కిల్స్ ల్యాబ్ గురించి కొంత చెప్పాలి. చాలామంది పెద్ద డాక్టర్లు బొమ్మల మీద నేర్చుకునే వైద్యమేం వైద్యమని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఒకసారి మెడిసిన్ మేడం గారు నన్ను ఆ గదికి తీసుకెళ్ళారు. నడుము దాకా ఉన్న ఒక రబ్బరు మనిషి, పక్కన కంప్యూటర్. 1968లో అమెరికాలోని మయామీలో హార్వే అని గుండె శబ్దాలు వినిపించే బొమ్మని మొదటిసారి చేశారట, ఇప్పుడు దానిలాంటివి చాలా వచ్చాయి. మేడం ఏదో నొక్కి, "మాస్టారూ, వినండి" అని స్టెతస్కోపు నా చెవులకి పెట్టారు. మొదట నాకేం తెలియలేదు. లబ్ డబ్ అని పిల్లలకి చెప్పిన శబ్దమే. మేడం స్టెతస్కోపు బిళ్ళని గంట ఆకారంలో ఉండే రెండో వైపుకి తిప్పి, గట్టిగా నొక్కకుండా ఊరికే ఆనించమన్నారు. అప్పుడు వినిపించింది. రెండో శబ్దం తర్వాత దూరంగా ఎక్కడో ఎద్దుల బండి చెక్క వంతెన మీద పోతున్నట్టు సన్నటి గరగర, తర్వాతి లబ్ దగ్గరికి వచ్చేసరికి గట్టిపడి ఆగిపోయింది. నా చిన్నప్పటి నుంచి నా లోపల ఉన్నది అది. ఎంతోమంది పిల్లలు నా ఛాతీ మీద వంగి, కళ్ళు మూసుకుని, వినపడక కంగారుపడి, వినపడిందని అబద్ధం చెప్పిన శబ్దం అది. ఇది వినడం ఎంత కష్టమో ఆ రోజు నాకు తెలిసింది. పిల్లలు ముందు ఆ బొమ్మ దగ్గర కావలసినన్ని సార్లు విని, చెవికి పట్టుబడ్డాక నా దగ్గరికి వస్తే, నేను చలికాలంలో చొక్కా విప్పి అరగంట పడుకోనక్కర్లేదు. వాళ్ళకీ నాతో మాట్లాడటానికి టైం మిగులుతుంది. ఆ గదికి తాళం వేసి ఇన్‌స్పెక్షన్ అప్పుడు మాత్రమే తీసే చోట్ల, దయచేసి ఆ తాళం తీయండి.

అన్నట్టు స్టెతస్కోపు కూడా ఇలాంటి సందర్భంలోనే పుట్టింది. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఒక యువతి ఛాతీకి నేరుగా చెవి ఆనించడం బాగుండదని, కాగితం గొట్టంలా చుట్టి విన్నాడు. మొదటి స్టెతస్కోపు ఆ కాగితపు గొట్టమే. మెడలో వేసుకుని తిరిగే ప్రతి విద్యార్థికీ మొదటి రోజే ఈ సంగతి చెప్పాలని నా కోరిక.

గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో పెట్టారు. సర్ జోసెఫ్ భోర్ కమిటీ రిపోర్టు వచ్చింది కూడా అదే ఏడు. మనకి కావలసింది సమాజాన్ని చూడగలిగే డాక్టరు, సోషల్ ఫిజీషియన్ అని ఆ రిపోర్టులో రాశారు. రోగి ఇల్లు, నీళ్ళు, తిండి, పని చూడకుండా జబ్బుని చూడలేమన్నారు. చెల్లెలి గురించి అడిగిన ఆ అమ్మాయి సరిగ్గా ఆ డాక్టరే. ఇన్ని దశాబ్దాల తర్వాత అలాంటి పిల్ల ఒకతె మన వార్డులో తయారై వస్తే, పరీక్షలో మనం చెప్పింది "అదంతా వద్దమ్మా" అని.

అందుకని నేను అడుగుతున్నది ఎక్కువేమీ కాదు. ప్రతి పోస్టింగులో ఒక్కసారైనా, ఒక టీచరు పక్కన నిలబడి, ఒక విద్యార్థి ఒక రోగితో మాట్లాడటం మొదటి నుంచి చివరిదాకా చూడాలి. చూసి, ఐదు నిమిషాలు ఆ విద్యార్థికి చెప్పాలి, ఇది బాగా చేశావు, ఇది మార్చుకో అని. అమెరికాలో 1990లలో దీనికి మినీ సీఈఎక్స్ అని ఒక పద్ధతి తయారుచేశారు, పదిహేను ఇరవై నిమిషాల పని. మన కొత్త కరిక్యులంలో దానికి చోటుంది. రెండోది, పరీక్షలో రోగిని అడగాలి. రోగి జవాబుకి కొన్ని మార్కులుండాలి. ఐదు మార్కులు చాలు. ఐదు మార్కుల కోసం మన పిల్లలు ఏం చేస్తారో టీచర్‌గా నాకు తెలుసు.

రోగికి వైద్యం గురించి ఏం తెలుసని ఒక డాక్టరు గారు నన్ను అడిగారు. వైద్యానికి నేను మార్కులు వేయనండీ అన్నాను. మర్మర్ సరిగ్గా చెప్పాడో లేదో మీరే చూడండి. నన్ను అడిగి చొక్కా తీశాడో లేదో మీకు తెలియదు, నాకు తెలుసు. ఆ ఒక్కటే చెప్తాను.

అమెరికాలో నటులు రోగులుగా ఉండే ఇలాంటి పరీక్షని దేశం మొత్తానికీ 2004లో పెట్టి 2021లో తీసేశారు కదా అని ఇంకొకరు అన్నారు. నిజమే. విద్యార్థులు ఖర్చు పెట్టుకుని విమానాలెక్కి, పరీక్ష జరిగే ఐదు నగరాల్లో ఏదో ఒకదానికి పోవాల్సి వచ్చేది, ఫీజు మన డబ్బులో ఇంచుమించు లక్ష రూపాయలు ఉండేది, కరోనా వచ్చి ఆగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టలేదు. మనం నటుల్ని తేనక్కర్లేదు, ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. మేం ఇక్కడే, మంచం మీదే ఉన్నాం.

మేడం గారు తన యూనిట్‌లో ఎండ్ పోస్టింగ్ పరీక్షకి దీన్ని పెట్టి చూద్దామన్నారు. ఒక కాగితం మీద "విద్యార్థి ప్రవర్తన ఎలా ఉంది?" అని రాసి, బాగుంది, పర్వాలేదు, బాగోలేదు అని మూడు గళ్ళు పెట్టారు. చదవలేనివాళ్ళకి ఒక సిస్టర్ చదివి వినిపించారు. అందరూ అందరికీ బాగుందనే చెప్పారు. చిలకలూరిపేట పెద్దావిడ అయితే "పసిబిడ్డలు, అందరికీ నిండా మార్కులెయ్యండి తల్లీ" అంది. సర్కారు ఆస్పత్రిలో ఉచితంగా వైద్యం తీసుకునే మనిషి, రేపు మళ్ళీ ఇక్కడికే రావాల్సిన మనిషి, డాక్టరు గురించి చెడ్డమాట ఎందుకు చెప్తుంది? ఆ భయం, ఆ ప్రేమ రెండూ నిజమే. మేడం దిగులుపడ్డారు. నేను ప్రశ్నలు మార్చి చూద్దామన్నాను. ఎలా ఉందని అడిగితే తీర్పు చెప్పమన్నట్టు ఉంటుంది, ఏం జరిగిందని అడిగితే ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్తారు. తర్వాతి బ్యాచ్‌కి మూడు ప్రశ్నలు పెట్టాం. తన పేరు చెప్పారా? చెయ్యి వేసేముందు ఏం చేయబోతున్నారో చెప్పారా? మీరు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగారా?

ఈసారి జవాబులు రకరకాలుగా వచ్చాయి. హమాలీ ఒక అబ్బాయి గురించి, అడగని సంగతి కూడా చెప్పాడు. "నాకు దగ్గు తెర వచ్చింది. అది ఆగిందాకా ఆ బాబు ఏం అడక్కుండా కూర్చున్నాడు. నీళ్ళు ఇచ్చాడు. అప్పుడు మొదలెట్టాడు" అన్నాడు. మేడం ఆ మాట అలాగే కాగితం మీద రాయించారు. ఇంకో విద్యార్థి మూడింటికీ లేదు వచ్చిందని తెలిసి నా దగ్గరికి కోపంగా వచ్చాడు, నేనేం తప్పు చేశానండీ అని. జరిగింది జరిగినట్టు చెప్పాను. పేరు చెప్పాలని అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదట. అతను చెప్పింది నేను నమ్మాను. ఒక్క రోగి మాట మీద ఎవరి భవిష్యత్తూ తేలకూడదని కూడా ఆ రోజు మేడంతో అన్నాను. పోస్టింగు మొత్తంలో చాలామంది రోగులని అడిగి, కలిపి చూడాలి.

ఇప్పటికి ఇదంతా ఇంటర్నల్స్ వరకే. గుంటూరు, విజయవాడ కాలేజీల పిల్లలు చాలామందికి డిగ్రీ ఇచ్చేది 1986లో విజయవాడలో పెట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయం. ప్రాక్టికల్స్ మార్కుల కాగితం మీద రోగి మాటకి ఒక గడి పెట్టాల్సింది వాళ్ళే. ఒక వినతిపత్రం రాశాను. మేడం చదివి రెండు చోట్ల దిద్దారు. పరీక్ష కేసుగా వెళ్ళే రోగికి ముందుగా విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలన్న వాక్యం ఆవిడ చేర్చినదే. కింద మొదటి సంతకం నాది, రెండోది హమాలీది, మూడోది చిలకలూరిపేట పెద్దావిడ వేలిముద్ర. గుంటూరు, విజయవాడల్లో ఎప్పుడైనా పరీక్ష కేసుగా మంచం మీద పడుకున్నవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ళ సంతకం కూడా నాకు కావాలి. ఈ నెలాఖరుకి తీసుకెళ్ళి యూనివర్సిటీ ఆఫీసులో ఇస్తున్నాను.